నిదానం పరుగు

సంచీ బరువెంతో అత్తగారు ముందు చేత్తో ఎత్తి చూసింది. తర్వాత భుజానికి తగిలించుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. ఆ తర్వాత దాన్ని నేలమీద పడుకోబెట్టి, జిప్పులన్నీ లాగి, లోపలి సామాను ఒక్కొక్కటే బయట పెట్టడం మొదలెట్టింది.

"ఇన్ని బంతులెందుకమ్మాయ్? అన్నీ పోగొట్టుకునే ఉద్దేశంతోనే వచ్చావా?"

"ఉండనివ్వండి అత్తయ్యా. దారిలో నీళ్ళ గుంటలున్నాయి."

"ఉంటే పక్కనించి కొట్టు. ఈ గొడుగేమిటి?"

"వాన పడితే?"

అత్తగారు తలెత్తి ఆకాశాన్ని ఎగాదిగా చూసింది. ఏళ్ళ తరబడి బడిపిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టిన డ్రిల్ టీచర్ చూపు అది. మబ్బులు కూడా సర్దుకుని నిలబడతాయేమో అనిపించేలా ఉంది. "పడదు," అని తేల్చేసి గొడుగు కార్లో పడేసింది.

కోడలు నవ్వాపుకుంది. తోటి గోల్ఫ్ ఆటగాళ్ళు ఆమెను నిదానం అని పిలుస్తారు. ప్రతి షాట్‌కీ ముందు దూరాన్ని అడుగులతో కొలుచుకుని, గడ్డి తుంచి గాల్లోకి వదిలి, చేతిలోని క్లబ్బు కర్రను రెండుసార్లు ఉత్తినే ఊపి చూసుకుని, అప్పుడుగానీ బంతి ముందు నిలబడదు. మొదట్లో వెక్కిరింపుగా పెట్టిన పేరే. ఆమె రెండు పెద్ద టోర్నమెంట్లు గెలిచాక అదే మర్యాద పేరైపోయింది.

ఆ మర్యాదంతా పోయినేడు వరకే. మోకాలు దెబ్బతిన్నవాళ్ళకి, నడుం పట్టేసినవాళ్ళకి సర్క్యూట్‌లో అంటే ఏడాది పొడుగునా సాగే పోటీల వరసలో, వాళ్ళ స్థానం ఒక సీజన్ పాటు అట్టేపెడతారు. పాప పుట్టడం గాయం కాదన్నారు. "మీ ఇష్టంతో తీసుకున్న విరామం కదమ్మా," అన్నాడు సెక్రటరీ, ఎంతో బాధపడుతున్నట్టు మొహం పెట్టి. ఆమె సరేనని ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు నిన్నగాక మొన్న క్లబ్బు పట్టుకున్న పిల్లలతో పాటు మూడు రోజుల ఎంపిక పోటీలో ఆడాలి. మొదటి పదిహేను మందికే స్థానం. ఆ తర్వాతివాళ్ళు మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.

నిదానానికి ఆగే ఓపిక లేదు. ఊళ్ళో ఒక ప్రాక్టీసు మైదానం వాళ్ళు కోచ్ ఉద్యోగం ఇస్తామంటున్నారు. అత్తగారు ఆ మాట ఇప్పటికే రెండుసార్లు ఎత్తింది. ఈ పోటీ తేలాక ఏ సంగతీ చెబుతానంది.

ప్రాక్టీసు గ్రీన్ మీద, నున్నగా కోసిన గడ్డి దగ్గర, ఇన్నేళ్ళూ ఆమె సంచీ మోసిన పాత క్యాడీ ఎదురుపడ్డాడు. వేరే సంచీ మోస్తున్నాడు. ఆమెను చూడగానే చేతిలో ఉన్న తువ్వాలును అక్కర్లేకపోయినా మడతపెట్టడం మొదలెట్టాడు.

"అక్కా... బాగున్నారా? పాప ఎలా ఉంది?"

"బాగుంది. ఎవరిది సంచీ?"

అతను నీళ్ళు నమిలాడు. జవాబు అక్కర్లేకుండానే అటునుంచి ఒక అమ్మాయి పరుగులాంటి నడకతో వచ్చింది. సన్నగా, పొట్టిగా, జుట్టు కత్తిరించుకుని ఉంది. పోయిన సీజన్‌లో కుర్రాళ్ళకి దీటుగా బంతిని అంతంత దూరం బాది పిడుగు అని పేరు తెచ్చుకున్న పిల్ల. చివర్లో రెండు పోటీలు చెడగొట్టుకుని స్థానం జారవిడుచుకుంది. నిదానాన్ని చూసి తలవంచి నమస్కారం పెట్టింది గానీ కళ్ళలోకి చూడలేదు.

"ఏడాదంతా ఖాళీగా కూచోలేను కదక్కా," అన్నాడు క్యాడీ చిన్నగా.

"నేనేమన్నా అన్నానా?"

అనలేదు గానీ, తువ్వాలు మడతపెడుతున్న ఆ చేతుల మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఈ చేతులే ఆమె బంతులు తుడిచాయి. ఏ క్లబ్బు కావాలో ఆమె నోరు తెరవకముందే అందించాయి.

వెనకనించి అత్తగారు వచ్చి సంచీని దభీమని దింపింది. "ఇతనేనా? చూడబ్బాయ్, ఈ గ్రీన్ మీద ఎక్కడ నిలబడకూడదో ఒకసారి చూపించు. మిగతాది నేను చూసుకుంటా."

మొదటి రోజంతా అత్తగారు నిలబడకూడని చోటే నిలబడింది. ఆమె నీడ బంతి దారికి అడ్డం పడింది. జెండా కర్ర తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక తుపాకీలా భుజాన పెట్టుకుంది. నిదానం ఊపిరి బిగబట్టి, బంతిని గుంటలోకి దొర్లించడానికి పుట్టర్ కదపబోయే సమయానికి, "జాగ్రత్తమ్మాయ్, కొంచెం ఎడమకి వాలుగా ఉందేమో!" అంది గ్రీన్ అంతా వినపడేలా. తోటి ఆటగత్తెలు పెదాలు కొరుక్కుని నవ్వాపుకున్నారు.

"మాట్లాడకూడదు అత్తయ్యా."

"మాట్లాడకపోతే నీకెలా తెలుస్తుంది?"

"కనిపిస్తోంది కదా."

"కనిపిస్తే ఇంతసేపెందుకు చూస్తున్నావ్?"

కానీ ఆవిడ నడిచిన తీరు మాత్రం వేరు. సంచీ వీపున అతుక్కుపోయినట్టుండేది. ఎగుడైనా దిగుడైనా ఒకటే అడుగు. ఇసుక బంకర్‌ని ఎవరూ చెప్పకముందే పలకలా సాపు చేసి వచ్చేది. సాయంత్రానికి నిదానం పట్టికలో నడిమధ్యన తేలింది. మరీ చెడ్డదేం కాదు. చాలినంత మంచిదీ కాదు.

బట్టలు మార్చుకునే గదిలో ఒక మూల కూర్చుని, తలుపు వైపు వీపు పెట్టుకుని, ఆమె పాలు పిండే మిషన్ పెట్టుకుంది. పాప ఇంట్లో వాళ్ళ నాన్న దగ్గరుంది. రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, మధ్యాహ్నం నుంచి క్లబ్బు ఊపినప్పుడల్లా చురుక్కుమంటున్నాయి. సీసా నిండాక సింకులో పారబోసింది. తెల్లటి పాలు తిరుగుతూ కన్నంలోకి జారిపోతుంటే చూడబుద్ధి కాక కుళాయి తిప్పింది.

"నొప్పెడుతుందా అక్కా?"

పిడుగు. ఎప్పుడొచ్చిందో, బల్ల చివర కూర్చుని ఉంది. బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"అలవాటైపోయింది."

"కొట్టేటప్పుడు? నడుం తిప్పేటప్పుడు మునుపటిలాగే ఉంటుందా?"

"మునుపటిలాగా ఏమీ ఉండదు," అంది నిదానం ముక్తసరిగా. తన క్యాడీని తీసుకెళ్ళిన పిల్లకి తన నడుం సంగతి కూడా కావాలా అని ఒళ్ళు మండింది. "తెలుసుకుని నువ్వేం చేస్తావ్?"

 పిడుగు బూట్ల లేసులు పూర్తిగా లాగేసి, మళ్ళీ మొదట్నించీ గుచ్చుకుంటూ కూర్చుంది.

రెండో రోజు గాలి లేచింది. గాలి అంటే నిదానానికి ఇష్టం. మిగతావాళ్ళు తొందరపడి చేతులు కాల్చుకునే చోట ఆమె గడ్డి ఎగరేసి, ఆగి, మళ్ళీ ఎగరేసి, బంతిని తక్కువ ఎత్తులో దొర్లించుకుంటూ పోయింది. అత్తగారు కూడా కుదురుకుంది. నీడ ఎటు పడుతుందో చూసుకుని నిలబడుతోంది. నోరు తెరవాలనిపించినప్పుడల్లా జేబులోంచి బిస్కెట్ తీసి నమిలేది. ఆట ముగిసేసరికి నిదానం పైకి పాకి, పదిహేను మందికి సరిగ్గా అంచున నిలిచింది. అదే స్కోరుతో ఇంకొకరున్నారు. మొదటి రోజు పైనున్న పిడుగు ఇవాళ జారి అక్కడికొచ్చింది. మర్నాడు ఇద్దరూ జంటగా నడుస్తూ, ఎవరి ఆట వాళ్ళు ఆడాలి.

స్కోరు అప్పగించి బయటికి రాగానే సెక్రటరీ ఎదురొచ్చాడు. మెడలో కెమెరా వేసుకున్న మనిషి ఒకడు వెంట ఉన్నాడు.

"అమ్మా, ఒక్క నిమిషం. బిడ్డ తల్లయ్యాక కూడా మళ్ళీ మైదానంలోకి! పేపర్ వాళ్ళు అడుగుతున్నారు. ఇలాంటివాళ్ళని మన సర్క్యూట్ ఎంత ప్రోత్సహిస్తుందో నలుగురికీ తెలియాలి. పాప ఫొటో ఒకటి చేత్తో పట్టుకుంటే ఇంకా బాగుంటుంది."

"ఫొటోకి పనికొచ్చిన పాప స్థానానికి పనికిరాలేదేం?" అంది అత్తగారు.

సెక్రటరీ నవ్వు అలాగే మొహానికి అతుక్కుని ఉండిపోయింది. నిదానం అత్తగారి మోచెయ్యి పట్టుకుని నొక్కింది. తర్వాత ఫోన్‌లో పాప బొమ్మ తెరిచి, గుండెలకి ఆనించుకుని, కెమెరా వైపు చూసి నవ్వింది. అడిగినట్టు తల కాస్త పక్కకి వంచింది కూడా.

 లాడ్జి గదిలో అత్తగారు మంచం అంచున కూర్చుని, జాకెట్టు కాస్త జరిపి భుజం మీద సంచీ పట్టీ ఒరుసుకున్న చోట మందు రాసుకుంది. ఎర్రగా కమిలి ఉంది. నిదానం ఆవిడ చేతిలోంచి మందు తీసుకోబోతే ఇవ్వలేదు.

"ఎందుకు నవ్వావ్?"

"మనకెందుకత్తయ్యా గొడవ. వాళ్ళతో పెట్టుకుంటే రేపు ఏ వంకో పెడతారు. నా ఆటేదో నేను ఆడుకుంటే చాలు."

"ఆ మాటా నిజమే," అంది అత్తగారు మందు డబ్బా మూత బిగిస్తూ. "నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు మా హెడ్మాస్టరు నన్ను గ్రౌండ్‌లోంచి తీసేసి లైబ్రరీలో కూచోబెట్టాడు. డ్రిల్ టీచర్ పొట్టతో కనిపిస్తే పిల్లలు నవ్వుతారట. నేనూ ఇలాగే నవ్వి వెళ్ళి కూచున్నా. కిటికీలోంచి వాళ్ళ విజిల్ వినపడుతుంటే పుస్తకాలకి అట్టలేసుకుంటూ ఉండేదాన్ని." లేచి లైటు కింద భుజం చూసుకుంది. "నాకేదో ఆ కోచ్ ఉద్యోగం మీద మోజని అనుకుంటున్నావ్. నువ్వు అట్టలేసుకుంటూ కూచోవడం నాకిష్టం లేదు. అందుకే ఈ బరువు మోస్తున్నా."

 అంతలో నిదానం భర్త ఫోన్ చేశాడు. తెర నిండా పాప చిగుళ్ళు కనిపించాయి. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. పాప ఫోన్‌ని నోట్లో పెట్టుకుంది.

మూడో రోజు పద్దెనిమిది హోల్స్ ఆటలో నాలుగో హోల్ దాకా అంతా సవ్యంగానే నడిచింది. నాలుగో గ్రీన్ మీద బంతి గుంటలో వేసి పిడుగు తిన్నగా చెట్ల వెనక్కి వెళ్ళింది. వచ్చేటప్పటికి మొహం సున్నం కొట్టినట్టుంది. ఆరో హోల్ దగ్గర మళ్ళీ వెళ్ళింది. ఈసారి చాలాసేపయింది. క్యాడీ సంచీ పట్టుకుని అటూ ఇటూ కాళ్ళు మారుస్తూ నిలబడ్డాడు.

"పొద్దున తిన్నది పడలేదనుకుంటా," అన్నాడు ఎవరూ అడగకుండానే.

ముందు వెళ్తున్న జంట ఎప్పుడో కనుచూపు దాటిపోయింది. ఎదురుగా ఒక హోల్ హోలంతా, మొదలు నుంచి జెండా దాకా, ఖాళీగా పడి ఉంది. అంత ఖాళీ కనిపిస్తే ఏం జరుగుతుందో ఆటలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పిడుగు నోరు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి రిఫరీ చిన్న బండిలో వచ్చి ఆగాడు. చేతిలో స్టాప్‌వాచ్ ఉంది.

"మీ జంట బాగా వెనకబడింది. ఇక్కణ్ణించి ప్రతి షాట్‌కీ టైం చూస్తాను. ఆలస్యమైతే ఒక స్ట్రోకు జరిమానా. మళ్ళీ అయితే ఇంకా ఎక్కువ." నిదానం వైపు తిరిగాడు. "ముఖ్యంగా మీరు. మీ సంగతి అందరికీ తెలిసిందే."

నిదానం చెవులు వేడెక్కాయి. ఇవాళ ఒక్క క్షణం కూడా తన వల్ల ఆలస్యం కాలేదు. ఆ మాటే అనబోయింది. పిడుగు చూపు ఆమె మీద పడింది. వద్దని వేడుకుంటున్న చూపు అది.

"ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?" రిఫరీ మామూలుగానే అడిగాడు. మనిషి చెడ్డవాడేం కాదు. "చెప్పండి, డాక్టర్ని పిలిపిస్తా. కాస్సేపు ఆగే వెసులుబాటు ఉంటుంది. రూల్సు ఒప్పుకుంటాయి."

"ఏమీ లేదు సార్," అంది పిడుగు గబగబా. "బాగానే ఉన్నా."

బండి కొంచెం దూరం జరిగి ఆగింది. క్యాడీ సంచీ తీసుకుని ముందుకు కదిలాడు. అత్తగారు మాత్రం కదల్లేదు. బిస్కెట్ పొట్లం తీసి పిడుగు చేతిలో పెట్టింది. గొంతు తగ్గించి, రోజూ అడిగే మాటే అన్నట్టు అడిగింది.

"ఎన్నో నెలమ్మా?"

పిడుగు బిస్కెట్ పొట్లం వైపే చూస్తూ ఉండిపోయింది. 

"రెండు నిండి... ఎవరికీ చెప్పకండమ్మా. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. క్యాడీకి కూడా చెప్పలేదు." నిదానం వైపు తిరిగింది. "డాక్టరొస్తే అడుగుతాడు కదక్కా. సెక్రటరీకి తెలిసిపోతుంది. మీకేం చేశారో చూశాగా. మీలాంటివాళ్ళకే దిక్కులేకపోతే నాదేముంది? మీరే ఏమీ అనకుండా ఊరుకున్నారు."

ఆ పిల్ల నిందగా అనలేదు. ఎండగా ఉంది, గాలి వేస్తోంది అన్నట్టు అంది. అందుకే నిదానానికి అది సూటిగా వెళ్ళి తగిలింది. నిన్న ఫొటోకి పక్కకి వంచిన మెడ ఇప్పుడు నొప్పెట్టినట్టనిపించింది. తను ఏడాదిగా నోరు మూసుకోవడాన్ని హుందాతనం అనుకుంది. ఈ పిల్ల దాన్ని చూసి నేర్చుకున్నది చెట్టు చాటుకి వెళ్ళి వాంతి చేసుకోవడం.

బండిలో రిఫరీ వాచీ చూసుకున్నాడు.

నిదానం అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, పరుగెత్తగలరా?"

"ఎవర్ని అడుగుతున్నావ్?"

"మన వంతు టైమంతా మిగిల్చి ఈ అమ్మాయికిద్దాం. ముందు జంటని అందుకున్నామంటే ఆయన వాచీ మూసేస్తాడు."

 అత్తగారు సంచీ పట్టీ ఒక కన్నం బిగించింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుం దగ్గర దోపుకుంది.

ఏడో హోల్‌లో నిదానం అడుగులు కొలవలేదు. గడ్డి తుంచలేదు. బంతి దగ్గరికి వెళ్తూ వెళ్తూనే దూరం చూసుకుంది. "ఏడో నంబరు," అని చెయ్యి చాపింది, అది చేతిలో పడింది, కొట్టింది. బంతి ఎక్కడ పడిందో చూడకుండానే నడక సాగించింది. ఒంటి మీద బట్టలు లేనట్టు ఉంది ఆమెకి. ఇన్నేళ్ళు ఆ కొలతలూ, ఆ గడ్డీ, ఆ ఉత్త ఊపులూ ఆమె కవచం. గ్రీన్ మీద ఒకే వైపునుంచి వాలు చూసి పుట్ చేసింది. బంతి గుంట అంచు నాకి అవతలికి పోయింది. మళ్ళీ తొందరపడింది. మళ్ళీ పోయింది. పసిపిల్లలు కూడా వేసే దూరం. తక్కువ దెబ్బల్లో ముగించాల్సిన ఆటలో రెండు స్ట్రోకులు అక్కడే పోయాయి.

ఆమె కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. పదిహేను మంది, అంచు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"పోయినవాటిని లెక్కపెట్టుకుంటూ నిలబడతావా?" అత్తగారు జెండా కర్ర గుచ్చి సంచీ ఎత్తుకుంది. "పద!"

పరుగెత్తారు. నిజంగానే పరుగెత్తారు. ముందు అత్తగారు, సంచీలో క్లబ్బులు గలగలమంటుంటే, మోచేతులు పక్కలకి ఆనించి, బడి మైదానం చుట్టూ పిల్లల్ని తిప్పే పద్ధతిలో. వెనక కోడలు. ఫెయిర్‌వే పక్కన గడ్డి కోస్తున్న మనిషి మిషన్ ఆపి మరీ చూశాడు. పిడుగు వాళ్ళ వెనక తన పాటికి తను మెల్లగా నడిచి వచ్చింది. ఆమె వంతు వచ్చేసరికి నిదానం అప్పటికే కొట్టేసి, దారి వదిలేసి, పక్కన నిలబడి ఉండేది. పిడుగు ఇసుకలో పడ్డ చోట్ల అత్తగారే దిగి సాపు చేసి వచ్చేది. రెండోసారి అలా దిగినప్పుడు క్యాడీకి ఏదో వెలిగినట్టుంది. తన సంచీలోంచి మడత కుర్చీ తీసి, బంతి మొదటి దెబ్బ కొట్టే టీ గట్టు పక్కన నీడలో వేసి, పిడుగుని కూర్చోమన్నాడు. ఏమీ అడగలేదు.

తొమ్మిదో హోల్‌లో నిదానం బంతి ముందు ఆగీ ఆగకుండా నిలబడి కొట్టింది. క్లబ్బు వెనక్కి పోవడం, దిగడం, రెండూ ఆమె ప్రమేయం లేకుండా జరిగిపోయాయి. అరచేతిలో ఏమీ తగల్లేదు. సరిగ్గా తగిలిన బంతికి అలాగే ఉంటుంది, అసలేమీ తగలనట్టు. ఎప్పుడో ఈ ఆట మొదలుపెట్టిన కొత్తల్లో, కొలతలింకా నేర్వకముందు, ఇలా ఉండేది. బంతి గాల్లో చాలాసేపు ఉండి జెండాకి బారెడు దూరంలో దిగింది. ఆమె నోట్లోంచి నవ్వు వచ్చింది.

"ఏం?" అంది అత్తగారు రొప్పుతూ.

"ఏమీ లేదు. పదండి."

ఆ తర్వాత వరసగా మంచి షాట్లు పడ్డాయి. అన్నీ కాదు. ఒకటి నీళ్ళలోకి పోయింది. అత్తగారు మాటాడకుండా సంచీలోంచి కొత్త బంతి తీసిచ్చింది. పన్నెండో హోల్ దగ్గర ముందు జంట వీపులు కనిపించాయి. రిఫరీ బండి పక్కకి వచ్చి ఆగింది. అతను వాచీ జేబులో వేసుకున్నాడు. వెళ్ళబోతూ నిదానాన్ని చూసి టోపీ ఎత్తాడు.

చివరి హోల్‌కి వచ్చేసరికి ఇద్దరికీ ఊపిరి కుదురుకుంది. పిడుగు మొహంలోకి రంగు వచ్చింది. స్కోరు బోర్డు గ్రీన్ అవతలే ఉంది. నిదానం అటు చూడలేదు. ఆమె బంతి గుంటకి దూరంగా, వంకర వాలు మీద ఉంది.

"ఇప్పుడు టైముంది," అంది అత్తగారు. "కావాలంటే నీ కొలతలు నువ్వు కొలుచుకో."

నిదానం బంతి వెనక చతికిలబడి ఒక్కసారి చూసింది. లేచి కొట్టింది. బంతి వాలు ఎక్కి, ఆలోచించుకున్నట్టు ఆగి, తిరిగి, గుంటలో పడింది. చుట్టూ చప్పట్లు వినిపించాయి. అత్తగారు చప్పట్లు కొట్టలేదు. జెండా కర్ర పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది.

పిడుగుది చిన్న పుట్. చిన్నదే గానీ, తప్పకూడనిది. ఆ పిల్ల పుట్టర్ నేలకి ఆనించి కళ్ళు మూసుకుని తెరిచింది. అప్పుడు నిదానానికి తెలిసింది, తన గోళ్ళు తన అరచేతుల్లోకి దిగుతున్నాయని. తన పుట్‌కి కూడా అంత ఆరాటపడలేదు. బంతి దొర్లి లోపలికి జారిన చప్పుడు వినగానే ఆమె పిడుగు కంటే ముందు ఊపిరి వదిలింది.

నిదానం పదమూడో స్థానం. పిడుగు పదిహేను.

స్థానం దక్కిన వాళ్ళందర్నీ హాల్లో కూర్చోబెట్టారు. సెక్రటరీ మైకు ముందు నిలబడి ఒక్కొక్కరి పేరూ చదివి, కరచాలనం చేసి, కొత్త సీజన్ గురించి చెప్పాడు. నిదానం పేరు దగ్గర ఆగి, "మన తల్లి! మన స్ఫూర్తి!" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. అన్నీ అయ్యాక, "ఏవైనా సందేహాలుంటే అడగండి," అన్నాడు ఎవరూ అడగరన్న ధీమాతో.

నిదానం లేచి నిలబడింది. 

"పాప పుట్టడం గాయం కాదన్నారు. ఒప్పుకుంటాను. గాయమైనవాళ్ళకి స్థానం అట్టేపెడతారు, బిడ్డని కన్నవాళ్ళకి పెట్టరు. ఆ రూలు మార్చాలని అడుగుతున్నాను."

"అమ్మా, మీకు స్థానం వచ్చేసిందిగా," అన్నాడు సెక్రటరీ నవ్వుతూ. "దర్జాగా సంపాదించుకున్నారు. ఇంకెందుకు ఆ సంగతి?"

"నాకు వచ్చింది. నా కోసం అడగడం లేదు."

"మరెవరి కోసం?"

 నిదానం ఎటూ చూడకుండా, ఎదురుగా గోడ మీదున్న గడియారం వైపు చూపు నిలిపింది. హాలు నిశ్శబ్దమైపోయింది. సెక్రటరీ ఆ నిశ్శబ్దాన్ని తన గెలుపు అనుకుని మైకు దగ్గరికి వంగాడు.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.

"నా కోసం," అంది పిడుగు. గొంతు గట్టిగా లేదు. అయినా అందరికీ వినబడింది. "నాకు ఇప్పుడు మూడో నెల. సీజన్ సగం ఆడగలను. ఆ తర్వాత ఆడలేను. బిడ్డ పుట్టాక మళ్ళీ వస్తాను. అప్పుడు నా స్థానం ఉంటుందా, ఉండదా?"

సెక్రటరీ మొహంలో నవ్వు తప్పుకుంది. "ఇది... ఇలాంటివి కమిటీలో చర్చించాలమ్మా. ఛైర్మన్‌గారు ఉండాలి..."

"ఛైర్మన్‌గారు పక్క గదిలోనే టీ తాగుతున్నారు," అంది మొదటి స్థానంలో నిలిచిన అమ్మాయి, కాలు మీద కాలేసుకుని. "పిలవండి. మాకేం తొందర లేదు."

ఎవరూ లేవలేదు. ఇందాకటి దాకా ఒకరి స్థానం కోసం ఒకరు పోటీపడ్డవాళ్ళు, చెమట ఆరని బట్టల్లో, ఎవరి కుర్చీలో వాళ్ళు స్థిమితంగా కూర్చున్నారు. సెక్రటరీ పక్క గదిలోకి వెళ్ళాడు. తలుపు వెనక ఆయన గొంతు ఒకటీ, లోతైన గొంతు ఇంకొకటీ వినిపించాయి. కాసేపటికి ఛైర్మన్ తనే వచ్చాడు. పెద్దాయన. హాలంతా కలయజూసి, నిలబడి ఉన్న ఇద్దరి దగ్గరా చూపు ఆపాడు.

"గాయానికి ఎలాగో దీనికీ అలాగే," అన్నాడు. "ఒక సీజన్ పాటు స్థానం ఉంటుంది. రేపటికల్లా రూల్సులో చేర్పిస్తాను. ఇది ముందే చేసుండాల్సింది." నిదానం వైపు తిరిగి, "పోయినేడు మీ విషయంలో తప్పు జరిగింది," అన్నాడు. అందరి ముందూ అన్నాడు.

పిడుగు కూర్చోబోయి కుర్చీ ఎక్కడుందో తడుముకుంది. పక్కనున్న పిల్ల ఆమెను పట్టుకుని కూర్చోబెట్టింది.

బయట వసారాలో, హాలు మాటలు వినపడే కిటికీ పక్కన అత్తగారు బూట్లు విప్పుకుని నిలబడి ఉంది. పాత క్యాడీ ఆవిడ కోసం ఎక్కడినుంచో కుర్చీ తెచ్చి పెట్టాడు గానీ, ఆవిడ దాంట్లో కూర్చోలేదు. నిదానం బయటికి రాగానే క్యాడీ దగ్గరికొచ్చి, "అక్కా," అని ఆగిపోయాడు.

"ఆ పిల్లని జాగ్రత్తగా చూసుకో," అంది నిదానం. "ఎండలో నిలబెట్టకు. తిరిగొచ్చేదాకా ఆ సంచీ ఎవరికీ ఇవ్వకు."

అతను తలూపాడు. కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగాడు.

అత్తగారు కోడల్ని నఖశిఖపర్యంతం ఒకసారి చూసింది. మెచ్చుకోలు మాట ఏదైనా వస్తుందేమోనని నిదానం ఎదురుచూసింది. రాలేదు. ఆవిడ కొంగుతో కోడలి నుదుటి మీది మట్టి మరక తుడిచింది. గట్టిగా, ఊడుతుందా లేదా అన్నట్టు రెండుసార్లు తుడిచింది. తర్వాత ఫోన్ తీసి కొడుక్కి కలిపి, మైదానంలో మాట్లాడే గొంతుతో మొదలెట్టింది.

"ఏరా, పాప నిద్రపోయిందా? మంచిది. నీ పెళ్ళాం సంగతి చెప్తాను విను."

"గెలిచిందామ్మా? ఎన్నో స్థానం?"

"స్థానం సంగతి తర్వాత. కూచున్నావా, నిలబడ్డావా?"

"కూచున్నా."

"అయితే ముందు లేచి నిలబడు. తర్వాత చెప్తా."

ఫోన్ అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.